వంద దగ్గర ఆగడం

పండగలు వస్తున్నాయంటే పేపర్లలో ఆడవాళ్ళ పేజీల్లో ఒక సలహా తప్పకుండా కనిపిస్తుంది. హడావిడిలో పడి మీ ఆరోగ్యం పాడుచేసుకోకండి, రోజూ ఇరవై నిమిషాలు వ్యాయామం చెయ్యండి, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి అని. అదే పేజీలో ఆ పక్కనే అరిసెలు మెత్తగా రావాలంటే పాకం ఎలా పట్టాలో, ఇల్లు ఎలా సర్దుకోవాలో, కొత్తల్లుడికి ఏమేం వండిపెట్టాలో ఉంటాయి. ఒకే పేజీలో బరువూ పెట్టి, ఆ బరువు నవ్వుతూ మొయ్యడానికి చిట్కా కూడా ఇస్తారన్నమాట. మగవాళ్ళ పేజీ అని విడిగా ఒకటి ఉండదు కాబట్టి పండగలప్పుడు వాళ్ళకి ప్రశాంతత అవసరమో కాదో మనకి తెలీదు.

నేను ఆ సలహా పాటించేవాళ్ళలో ఒకదాన్ని. ఆరేళ్ళుగా పిలాటెస్ చేస్తున్నాను. సంక్రాంతి రోజుల్లో అయితే మరింత పట్టుగా చేస్తాను. దానివల్ల నాకు మేలు జరిగింది, అందులో అనుమానం లేదు. కానీ ఆ మేలు ఏమిటి, నా ప్రశాంతత ఎవరికి పనికొస్తోంది అనే ప్రశ్నలు చాలాకాలంగా నన్ను వదలడం లేదు. ఈ నాలుగు మాటలూ వాటికోసమే.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. డిసెంబరు ఆఖర్లో సెమిస్టర్ పరీక్షలు, పేపర్లు దిద్దడం, మార్కులు ఎక్కించడం అన్నీ ఒక్కసారే మీద పడతాయి. అవి పూర్తయ్యీ అవకుండానే సంక్రాంతి సెలవులు. హైదరాబాదు నుంచి కోనసీమలో మా అత్తగారి ఊరికి ప్రయాణం. రైలు టిక్కెట్లు దొరికితే అదృష్టం, లేకపోతే కారులో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కిలోమీటర్ల పొడవునా నిలబడిపోయిన బండ్ల మధ్య కూర్చుని, ఊళ్ళో చెయ్యాల్సిన పనుల జాబితా మనసులో రాసుకోవడం. ఇల్లు చేరేసరికి పాతికమంది. అరిసెలు, జంతికలు, పోకుండలు, సున్నుండలు. భోగినాడు తెల్లవారుజామునే మంట, సాయంత్రం పిల్లలకి భోగిపళ్ళు, పేరంటం. సంక్రాంతినాడు పెద్దలకి బట్టలు పెట్టుకోవడం. కనుమనాడు మినుము తినాలి కాబట్టి గారెలు, దానికి జతగా కోడికూర. కనుమనాడు కాకైనా కదలదంటారు. నిజమే, కాకి కదలదు. ఆ ఇంటి కోడళ్ళు మాత్రం పొద్దున నాలుగింటి నుంచి కదులుతూనే ఉంటారు.

పిలాటెస్ నా దగ్గరికి ఫ్యాషన్‌గా రాలేదు, మెడనొప్పిగా వచ్చింది. పేపర్లు దిద్దీ దిద్దీ కుడి భుజం నుంచి చెవిదాకా లాగేసేది. ఫిజియోథెరపిస్టు పంపితే ఒక క్లాసులో చేరాను. మొదటి రోజే టీచరు నా పక్కటెముకల మీద చేతులు పెట్టి, "మీరు ఊపిరి తీసుకోవడం లేదండీ" అంది. "తీసుకోకపోతే బతికెలా ఉన్నానమ్మా?" అని నవ్వాను. "తీసుకుంటున్నారు, వదలడం లేదు. ఏదో వినడానికి బిగబట్టుకుని ఉన్నట్టు ఉన్నారు" అంది.

ఆ మాట నాతోపాటు ఆ ఏడాది సంక్రాంతికి వచ్చింది. అరిసెలు వండడం తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ముందురోజే నానబోసిన బియ్యం వార్చి, తడి ఆరకుండా పిండి పట్టించి, జల్లించి పెట్టుకోవాలి. బెల్లం పాకం ఉండకట్టే దశకి రాగానే పిండి పోస్తూ ఒకరు, కలియబెడుతూ ఒకరు. ఆ రెండు నిమిషాలూ అటూ ఇటూ చూడ్డానికి లేదు. తర్వాత ఒకరు తట్టి నూనెలో వెయ్యాలి, ఒకరు తీసి రెండు చెక్కల మధ్య పెట్టి నూనె వత్తాలి. ఆ వత్తే పని నాది. పొయ్యి పక్కన పీట మీద కూర్చుని వత్తుతూ నన్ను నేను గమనించుకున్నాను. ప్రతి అరిసెకీ ఊపిరి బిగబడుతున్నాను. పిల్లాడు ఎక్కడ పడ్డాడో, వీధి గదిలోంచి టీ అని ఎవరు కేక వేస్తారో, పాలు పొంగుతున్నాయేమో అని చెవి అటు పడేసి ఉంది. వదినల వంక చూశాను. అందరి భుజాలూ చెవుల దాకా లేచే ఉన్నాయి. టీచరు చెప్పిన ఆ "వినడం" నా ఒక్కదాని అలవాటు కాదనీ, కొన్ని తరాలుగా మా ఒళ్ళు నేర్చుకున్న పాఠమనీ అప్పుడే తోచింది.

ఇంతకీ ఈ పిలాటెస్ ఏమిటి? జోసెఫ్ పిలాటెస్ అనే ఆయన 1883లో జర్మనీలోని మొన్షన్‌గ్లాడ్‌బాక్‌లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి ఇంగ్లండులో ఉన్నాడు. జర్మన్ కాబట్టి శత్రుదేశస్థుడని నిర్బంధించారు. మొదట లాంకాస్టర్‌లో, తర్వాత ఐల్ ఆఫ్ మాన్‌లోని నొకలో శిబిరంలో. ఇరవైవేలమందికి పైగా బందీలున్న చోటు అది. కంచె లోపల ఉన్న మనిషికి తన ఒంటి మీద మిగిలే అధికారం ఎంత అన్న ఆలోచనతో ఆయన సాధన గట్టిపడింది. దానికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ. 1926లో న్యూయార్క్ చేరాడు. ఓడలో పరిచయమైన క్లారాతో కలిసి అక్కడ స్టూడియో పెట్టాడు. నాట్యకారులు గాయాలతో ఆ మెట్లెక్కి వచ్చేవారు. 1945లో వచ్చిన పుస్తకంలో చాప మీద చేసే 34 వ్యాయామాలున్నాయి. స్ప్రింగులు బిగించిన ఖరీదైన బల్లలు, యంత్రాలు లేకుండా మనబోటివాళ్ళు ఇంట్లో చేసుకోగలిగినవి ఇవే.

క్లారా గురించి చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. నాలుగు దశాబ్దాలపాటు ఆ స్టూడియోలో ఆయన పక్కనే ఉండి నేర్పింది. 1967లో ఆయన పోయాక కూడా నడిపింది. పేరు మాత్రం ఆయనది. అంతేకాదు, ఆ విద్యని మోసుకుని తర్వాతి తరానికి అందించినవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. రొమానా క్రిజనోవ్‌స్కా, ఈవ్ జెంట్రీ, కరోలా ట్రియర్, నల్లజాతి నాట్యకారిణి కాథ్లీన్ గ్రాంట్. ఈవ్ జెంట్రీకి రొమ్ము కాన్సరు ఆపరేషన్ జరిగింది, రొమ్ముతోపాటు కండరాలూ తీసేశారు. చెయ్యి ఎత్తలేని స్థితి నుంచి ఈ సాధనతోనే కోలుకుంది. 2000లో అమెరికా కోర్టు ఒకటి పిలాటెస్ అనేది ఎవరి సొంత ట్రేడ్‌మార్కూ కాదు, అదొక వ్యాయామ పద్ధతికి మామూలు పేరు అని తేల్చింది. అలా పేరు అందరిదీ అయ్యింది. క్లారా మాత్రం అందులో లేదు. మన ఇళ్ళలో "మా నాయనమ్మ చేతి అరిసెలు" అంటాం కానీ ఆ నాయనమ్మ పేరు అడిగితే ఎంతమంది చెప్పగలరు?

యోగా మన దగ్గర ఉండగా ఈ పరాయి విద్య ఎందుకని కొందరు స్నేహితులు అడుగుతుంటారు. నాకు యోగాతో పేచీ లేదు. అయితే మా ఇంట్లో ప్రతివాళ్ళకీ యోగా మీద ఒక అభిప్రాయం ఉంది. ఎప్పుడు చెయ్యాలో, ఏం తిని చెయ్యకూడదో, ఎలాంటి మనసుతో చెయ్యాలో, చేసే ఆడది ఎలా మారిపోవాలో. పిలాటెస్ మీద మా ఇంట్లో ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు. ఆ ఖాళీ నాకు నచ్చింది. పైగా ఇందులో మహత్తేమీ లేదు. దీర్ఘకాలపు నడుంనొప్పికి పిలాటెస్ ఎంత పనిచేస్తుందో 2015లో కాక్రేన్ సంస్థ అధ్యయనాలన్నీ కలిపి చూసింది. ఏమీ చెయ్యకుండా ఉండడం కన్నా కొంత మేలు, మిగతా వ్యాయామాల కన్నా గొప్పదనడానికి గట్టి ఆధారం లేదు అని తేల్చింది. నాకు అంత చాలు.

ఇందులో మొదటి వ్యాయామం పేరు "హండ్రెడ్". వెల్లకిలా పడుకుని, కాళ్ళు ఎత్తి, తలా భుజాలూ కాస్త లేపి, చాచిన చేతుల్ని నేలకి సమాంతరంగా చిన్నగా కిందికీ పైకీ ఆడించాలి. అయిదు లెక్కలకి ఊపిరి పీల్చడం, అయిదు లెక్కలకి వదలడం. అలా పదిసార్లు. వంద అవగానే ఆగిపోవాలి. మొదట్లో పొట్ట కండరాలు వణికిపోయేవి. ఇప్పుడూ డెబ్భై దాటాక కష్టమే. కానీ ఎంత కష్టమైనా అది వంద దగ్గర అయిపోతుందని నాకు తెలుసు. నాకు కావలసిన ప్రశాంతత అక్కడే దొరికిందని కొన్నాళ్ళకి గ్రహించాను. అది కండరంలోనూ లేదు, శ్వాసలోనూ లేదు. అయిపోయే పని ఒకటి చేస్తున్నానన్న ఎరుకలో ఉంది.

"మా కాలంలో తిరగలి తిప్పేవాళ్ళం, రోట్లో దంచేవాళ్ళం, మాకు వేరే వ్యాయామాలెందుకు?" అని పెద్దవాళ్ళు అంటారు. చదువుకున్న మగవాళ్ళు కూడా ఈ మాట చాలా ఇష్టంగా అంటారు. ఒళ్ళు కదలడం వరకూ నిజమే. వంగడం, లేవడం, దంచడం, నడుం తిప్పడం అన్నీ అందులోనూ ఉన్నాయి. తేడా కండరంలో లేదు. ఎప్పుడు ఆపాలో ఎవరు చెబుతారన్న దాంట్లో ఉంది. చాప మీద నొప్పి పుడితే ఆపుతాను. పొయ్యి దగ్గర నొప్పి పుట్టినా, "ఇంకో రెండు వాయిలే కదా" అంటారు. వంటింటి చాకిరీకి వంద అనే అంకె లేదు. అందుకే చాకిరీ చేసిన ఒళ్ళు అరిగిపోతుంది, వ్యాయామం చేసిన ఒళ్ళు గట్టిపడుతుంది.

అత్తగారింట్లో నా ఇరవై నిమిషాలు మధ్యాహ్నం మూడింటికి. వెనక గదిలో చాప మీద దుప్పటి మడిచి వేసుకుని తలుపు గడియ పెట్టుకుంటాను. మొదటి ఏడాది అది పెద్ద వార్త అయింది. "ఒంట్లో బాగాలేదా అమ్మా?" అని మా అత్తగారు రెండుసార్లు తలుపు కొట్టారు. "బానే ఉన్నానండీ అత్తయ్యగారూ, ఇరవై నిమిషాల్లో వస్తాను" అన్నాను. జబ్బు చేస్తే తలుపు వేసుకోవచ్చు. కట్టుబట్టలు మార్చుకోవడానికి వేసుకోవచ్చు. ఏ కారణమూ లేకుండా, బాగున్న మనిషి పట్టపగలు తలుపు వేసుకోవడం ఆ ఇంట్లో అదే మొదలు. రెండో ఏడాదికి మా పెద్ద తోటికోడలు, "నేనూ రావచ్చా?" అంది. ఆవిడ వ్యాయామం చెయ్యదు. పక్కన పడుకుని కళ్ళు మూసుకుంటుంది. నేను లెక్క పైకి అంటుంటే వింటుంది.

ఇక్కడే నా అనుమానం మొదలైంది. ఆ ఇరవై నిమిషాల తర్వాత నేను బయటికి వచ్చేటప్పుడు భుజాలు దిగి ఉండేవి, గొంతు నెమ్మదిగా ఉండేది. ఇంట్లో వాళ్ళు సంతోషించారు. "ఆ కసరత్తులేవో చేసినప్పటినుంచీ చికాకు తగ్గింది, మంచిదే" అన్నారు మా ఆడపడుచుగారు. అంటే ఇంటికి నా ప్రశాంతత పనికొస్తోంది. పని అంతే ఉంది, పని చేసే మనిషి చికాకు మాత్రం పోయింది. ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో రాసిన ద మేనేజ్డ్ హార్ట్ మనలో చాలామంది క్లాసులో చెప్పిన పుస్తకమే. విమానాల్లో పనిచేసే ఆడపిల్లల నవ్వు వాళ్ళ ఉద్యోగంలో భాగమని, ఆ నవ్వు కూడా శ్రమేనని ఆమె చూపించింది. పండగ ఇంట్లో కోడలి ప్రశాంతతా అలాంటిదే. పిలాటెస్ నాకు ఆ శ్రమని సులువుగా చెయ్యడం నేర్పుతోందా, లేక ఆ శ్రమని చూడడం నేర్పుతోందా?

రెండూ నేర్పుతోంది. ఏది వాడుకోవాలన్నది మన చేతిలో ఉంటుంది. ఊపిరి బిగబట్టి ఉన్నంతకాలం నాకు కోపం వచ్చేది కానీ మాట వచ్చేది కాదు. వచ్చినా ఏడుపుతో కలిసి వచ్చేది, అప్పుడు "పండగపూట ఏమిటీ ఏడుపు" అనే మాట దగ్గర అంతా ముగిసిపోయేది. ఊపిరి వదలడం అలవాటయ్యాక మాట విడిగా రావడం మొదలైంది. మూడేళ్ళ క్రితం బియ్యం నానబోయక ముందే తోటికోడళ్ళం ముగ్గురం కూర్చుని మనిషికి పది చొప్పున 250 అరిసెలు అని లెక్క వేశాం. అంతకి సరిపోయే బియ్యమే నానబోస్తామని, నూనె వత్తే పని మగవాళ్ళదని చెప్పాం. గొంతు పెంచలేదు.

"పండగంటే లెక్కెట్టుకుని చేసేదా?" అన్నారు మా అత్తగారు. ఆవిడ నొచ్చుకున్నారు. "మా అత్తగారి రోజుల్లో కుంచాల కొద్దీ చేసేవాళ్ళం. ఊరంతా పంచేవాళ్ళం." ఆ మాటలో గర్వం ఉంది. అది ఉత్త గర్వం కాదని నాకు తెలుసు. ఆవిడ జీవితంలో నలుగురూ మెచ్చుకున్న పని అదొక్కటే. దాన్ని తగ్గించడమంటే ఆవిడనే తగ్గించినట్టు ఉంటుంది. ఆ రాత్రి మోకాళ్ళకి నూనె రాసుకుంటూ, "ఎన్ని కుంచాలు చేశానో లెక్క లేదే" అని తనలో తనే అనుకున్నారు. అది బాధో, గొప్పో నేను అడగలేదు.

మా బావగారు కోడిపందేల బరికి వెళ్ళిపోయారు. నా భర్త కూర్చున్నాడు. వంద దాటేసరికి నడుం పట్టేసిందన్నాడు. ఇల్లంతా కదిలింది. ఒకరు బామ్ తెచ్చారు, ఒకరు దిండు తెచ్చారు. అదే పీట మీద ఇరవై ఏళ్ళుగా కూర్చున్న నడుములు ఆ గదిలో నాలుగు ఉన్నాయి.

ఇది మా ఇంటి సంగతే అయితే ఇంత రాయక్కర్లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవాళ్ళు 81.2 శాతం, మగవాళ్ళు 26.1 శాతం. పాల్గొన్నవాళ్ళు రోజుకి వెచ్చించిన సమయం సగటున ఆడవాళ్ళు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో మళ్ళీ చేశారు. ఆడవాళ్ళు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు. అయిదేళ్ళలో మనకి పది నిమిషాలు తగ్గాయి. మగవాళ్ళకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి. మిక్సీలూ, వాషింగ్ మెషీన్లూ, బజారు పిండివంటలూ ఇద్దరి పనినీ కాస్త తగ్గించాయేమో కానీ, మన పని వాళ్ళ చేతుల్లోకి మాత్రం పోలేదు.

ఇంకొక మాట. నేను తలుపు వేసుకున్న ఆ ఇరవై నిమిషాల్లో పెరట్లో అంట్లు తోముతున్న శబ్దం వినిపిస్తూ ఉంటుంది. పాతికమంది తిన్న గిన్నెలు. పండగ రోజులకి విడిగా డబ్బులిస్తాం, చీర పెడతాం. అయినా గొంతుక్కూచుని గంటలకొద్దీ తోమే ఆ మనిషికి తలుపున్న గది లేదు. ఇంటికి వెళ్ళాక తన ఇంటి పండగ మళ్ళీ మొదలవుతుంది. బియ్యం తగ్గించినప్పుడు మూకుళ్ళూ పళ్ళాలూ తగ్గాయి, ఆమె ఒక గంట ముందు వెళ్ళింది. మా లెక్క ఆమెకి చేరింది అంతవరకే. స్త్రీల ప్రశాంతత అని మనం రాసేటప్పుడు ఏ స్త్రీల ప్రశాంతత అన్న ప్రశ్నకి నా చాప మీద జవాబు లేదు.

ఇప్పటికి మూడు సంక్రాంతులుగా అరిసెలు 250 దగ్గర ఆగుతున్నాయి. నా భర్త వత్తుతున్నాడు, నడుం నొప్పి రాకుండా ఎలా కూర్చోవాలో నేర్చుకున్నాడు కూడా. కానీ బియ్యం ఎప్పుడు నానబోయాలి, బెల్లం ఎక్కడ కొనాలి, ఎవరికి ఏ బట్టలు, ఎవరు ఏం తినరు అన్న జాబితా ఇంకా మా ముగ్గురి తలల్లోనే తయారవుతోంది. చేతులతో చేసే పనికి అంకె పెట్టగలిగాం, తలలో నడిచే పనికి ఎలా పెట్టాలో ఇంకా తేలలేదు. రాబోయే సంక్రాంతికి ఆ జాబితా కాగితం మీద రాసి, సగానికి చించి, ఒక సగం మగవాళ్ళకి ఇవ్వాలని మా పెద్ద తోటికోడలి ప్రతిపాదన. ఆ మాట ఆవిడ వెనక గదిలో, కళ్ళు మూసుకుని పడుకుని, నేను అరవై మూడు అంటుండగా చెప్పింది. నేను లెక్క ఆపకుండా సరేనన్నాను.